కరెంటు దారి వెంట

కెనడాలో సాస్కచెవాన్, మానిటోబా, ఆల్బర్టా రాష్ట్రాల్లో చలికాలం తిరిగే ట్రక్కుల ముందుభాగం గమనిస్తే, గ్రిల్ సందులోంచి మూడు పిన్నుల ప్లగ్ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. మన దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి ఇది కరెంటు బండి కాబోలు, ఛార్జింగ్ పెడతారు కాబోలు అనుకుంటారు. అది డీజిల్ బండే. ఆ తీగ పట్టుకుని లోపలికి వెళ్తే ఇంజన్ బ్లాక్‌లో బిగించిన ఒక హీటర్ తగులుతుంది. దాన్నే ఇక్కడ బ్లాక్ హీటర్ అంటారు. సాస్కచెవాన్‌లోని సాస్కటూన్‌లో బతికేవాళ్లకి అది బియ్యం, ఉప్పు అంత మామూలు అవసరం.

మైనస్ 30 డిగ్రీల చలిలో రాత్రంతా ఆరుబయట నిలబడ్డ ఇంజన్ తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. ఆయిల్ చిక్కబడి కదలదు. బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. స్టార్టర్‌కి ఎక్కువ బలం కావలసిన పూటే బ్యాటరీ దగ్గర తక్కువ బలం ఉంటుంది. పైగా డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ లేదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. పుట్టిన ఆ కాస్త వేడిని చల్లబడ్డ ఇనుము పీల్చేసుకుంటుంది. అందుకని రాత్రి ఇంటి గోడకున్న సాకెట్ నుంచి తీగ లాగి ట్రక్కు ప్లగ్‌కి తగిలిస్తారు. 400 వాట్ల నుంచి 1500 వాట్ల దాకా ఉండే హీటర్ కూలెంట్‌ని వేడి చేస్తుంది. వేడెక్కిన కూలెంట్ పైకి లేస్తుంది, చల్లనిది కిందికి దిగుతుంది. ఏ పంపూ తిప్పకుండానే ఆ వేడి బ్లాక్ అంతా పాకుతుంది.

ఒక్కో ఉదయం ఇది పనిచేయదు. రాత్రంతా ప్లగ్ పెట్టే ఉన్నా ఇంజన్ రాయిలా చల్లగా ఉంటుంది. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ప్రశ్న: దీని ఫ్యూజు ఎక్కడుంది?

ట్రక్కులో సాధారణంగా రెండు ఫ్యూజు డబ్బాలుంటాయి. ఒకటి బానెట్ కింద, ఇంకొకటి డ్యాష్‌బోర్డు కింద. మూత తీస్తే వరుసగా రంగురంగుల ఫ్యూజులు కనిపిస్తాయి. ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మూత లోపలి పటంలో హెడ్‌లైట్ల పేరుంటుంది, వైపర్ల పేరుంటుంది, సీటు వేడి చేసే హీటర్ పేరు కూడా ఉంటుంది. బ్లాక్ హీటర్ పేరు మాత్రం ఎంత వెతికినా దొరకదు. చేతి గ్లవుజు తీసి, వేళ్లు కొంకర్లు పోతుండగా ఒక్కో ఫ్యూజునూ ఊడబీకి వెలుతురులో పెట్టి చూసేవాళ్లున్నారు. అన్నీ బాగానే ఉంటాయి. బ్లాక్ హీటర్‌కి ట్రక్కులో ఫ్యూజు లేదు. అది ఇంటి బేస్‌మెంట్‌లో, కరెంటు ప్యానెల్‌లో ఉంది.

ఎందుకిలా అంటే లెక్క వేసి చూడాలి. ఇక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు. 1000 వాట్ల హీటర్ ఆ వోల్టేజీ మీద ఎనిమిది ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. మామూలు ఇంటి సర్క్యూట్ 15 ఆంపియర్లది కాబట్టి ఆ బరువు మోయగలదు. అదే హీటర్ పనిని ట్రక్కులోని 12 వోల్టుల బ్యాటరీతో చేయించాలంటే 83 ఆంపియర్లు కావాలి. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంట తిరక్కుండానే ఖాళీ అవుతుంది. పెద్ద డీజిల్ పికప్పుల్లో ఉండే రెండు బ్యాటరీలు కలిపినా రెండు గంటలు నిలవవు. తెల్లారేసరికి ఇంజనూ చల్లబడి ఉంటుంది, దాన్ని తిప్పే బలమూ పోయి ఉంటుంది. అందుకే బ్లాక్ హీటర్‌ని ట్రక్కు కరెంటుతో ఏ సంబంధమూ లేకుండా కట్టారు. అది ట్రక్కులో కూర్చున్న ఇంటి సామాను. దానికి కరెంటు ఇచ్చేది ఇల్లు, దాని తీగకి కాపలా కాసేదీ ఇల్లే.

పెద్ద లారీల్లో వెబాస్టో, ఎస్పార్ కంపెనీల హీటర్లు పెట్టుకుంటారు. అవి లారీ ట్యాంకులోని డీజిల్‌నే కొంచెం కొంచెంగా మండించి కూలెంట్‌ని వేడి చేస్తాయి. వాటి చిన్న పంపుకీ ఫ్యానుకీ కరెంటు లారీ బ్యాటరీ నుంచే వస్తుంది. వాటికి ఫ్యూజు లారీలోనే ఉంటుంది. రెండూ ఇంజన్‌ని వేడి చేసేవే, రెండూ ఒకే బానెట్ కింద ఉండేవే. ఒకదాని ఫ్యూజు బండిలో, ఇంకొకదానిది ఇంట్లో. వస్తువు ఎక్కడుందన్నది ఫ్యూజుకి పట్టదు. కరెంటు ఎక్కడ బయల్దేరిందో అక్కడ, ఆ మొదటి గుమ్మంలో, అది కాపు కాస్తుంది.

ఈ సంగతి నేను కెనడాలో నేర్చుకోలేదు. మా కరీంనగర్ పల్లెలో, బావి కాడ, మా బాపు వెనక నడుస్తూ నేర్చుకున్నాను. వరి పొట్టకొచ్చే రోజుల్లో మోటారు ఆగిపోతే ఇంటిల్లిపాదికీ గుండె జారేది. ఎంత కంగారున్నా బాపు ముందు మోటారు జోలికి పోయేవాడు కాదు. "ముందుగాల కరెంటు ఉన్నదా సూడు బిడ్డా, మోటరు సంగతి తర్వాత" అనేవాడు. టెస్టు బుగ్గ చేతబట్టి స్టార్టర్ డబ్బా దగ్గర మూడు ఫేజులూ వస్తున్నాయా చూసేవాడు. ఒక ఫేజు రాకపోతే స్టార్టర్ ఆపేసి, పొలం గట్ల వెంట స్తంభం స్తంభం చూసుకుంటూ ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచేవాడు. తీగ తెగిందా, కొమ్మ పడిందా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందా అని కింద నిలబడి చూసి లైన్‌మన్‌కి కబురు పెట్టేవాడు. దాని మీద చెయ్యి వేసేవాడు కాదు. లైన్‌మన్ వచ్చేదాకా పైరు ఆగదనుకుని, తామే ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కథలు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

మూడు ఫేజుల్లో ఒకటి పోయిన సంగతి తెలియక మోటారుని అలాగే తిప్పితే మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి వైండింగ్ కాలిపోతుంది. మోటారుని పైకి లాగించి, బండిలో వేసుకుని, టౌనుకి తీసుకెళ్లి వైండింగ్ చుట్టించాలి. అంటే బాగున్న మోటారు, అందాల్సింది పూర్తిగా అందనందువల్ల పాడవుతుంది. ఈ మాట నా మనసులో ఎప్పటినుంచో ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని చోట పెరిగినవాళ్లు ఏది ఆగినా మొదట సరఫరాని అనుమానిస్తారు. కరెంటు పోవడమంటే తెలియని చోట పెరిగినవాళ్లు మొదట యంత్రాన్ని విప్పుతారు. పేదరికం నేర్పే విద్యలన్నీ గొప్పవని నేననను. ఇది మాత్రం గొప్ప విద్య. మా బాపు నాకిచ్చిన ఆస్తిలో దీన్ని నేను భూమి కంటే ముందు లెక్కవేస్తాను.

ఈ బ్లాక్ హీటర్ పుట్టుక కూడా పల్లె కరెంటు కథలోదే. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్ ఊళ్లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఉండేవాడు. పల్లెలకి కరెంటు ఇచ్చే మిన్‌కోటా పవర్ కోఆపరేటివ్ అనే సహకార సంఘానికి మేనేజరు. సిలిండర్ హెడ్‌ని బిగించే బోల్టుల్లో ఒకదాన్ని తీసి, ఆ చోట పట్టేలా ఆయన ఒక హీటర్ తయారుచేశాడు. 1949లో దానికి పేటెంట్ వచ్చింది. అంతకుముందు ఆ మైదానాల్లో రైతులు రాత్రి రేడియేటర్ నీళ్లు దించేసేవాళ్లు. ఇంజన్ ఆయిల్ తీసి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టుకునేవాళ్లు. కొందరు ఇంజన్ మీద వేణ్నీళ్లు గుమ్మరించేవాళ్లు, కొందరు కింద కిరసనాయిలు లాంతరు వెలిగించి పెట్టేవాళ్లు. నిప్పు, ఇంధనం పక్కపక్కన పెట్టుకునే ఆ పని ఎంత ప్రమాదమో వాళ్లకీ తెలుసు, వేరే దారి లేక చేశారు.

1930ల మధ్యలో అమెరికా పల్లెల్లో పదింట ఒక్క వ్యవసాయదారుడి ఇంటికే కరెంటు ఉండేది. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టాక, రైతులే సభ్యులుగా సహకార సంఘాలు కట్టుకుని స్తంభాలు పాతుకున్నారు. ఆ స్తంభాలు ఇంటి ముంగిటికి రాబట్టే ట్రక్కుకి ప్లగ్ పెట్టడమనే ఊహ సాధ్యమైంది. ఆ సహకార సంఘాల నమూనాయే తర్వాత మన దేశానికీ వచ్చింది. 1970లో సిరిసిల్లలో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట సెస్, ఆ నమూనాలోదే. నార్త్ డకోటా గోధుమ రైతుకీ సిరిసిల్ల మరమగ్గం మనిషికీ కరెంటు వచ్చిన దారిలో ఒక పాయ ఉమ్మడిదని తెలిసినప్పుడు నాకు ఈ చలిదేశం కొంచెం దగ్గరైంది.

ఇక బ్లాక్ హీటర్ పనిచేయనప్పుడు నడవాల్సిన దారి ఇది. మొదలు ఇంటి నుంచే. బయటి సాకెట్‌లో టేబుల్ లైటో, పని లైటో పెట్టి చూడాలి. వెలగకపోతే ట్రక్కుతో పనిలేదు. చాలా ఇళ్లలో ఆ సాకెట్‌కి లోపల తలుపు పక్కన ఒక స్విచ్ ఉంటుంది. తెలియని చెయ్యి దాన్ని ఆపేసి ఉండొచ్చు. టైమర్ ఉంటే అది సరైన గంటకి తిరుగుతోందా చూడాలి. ఆ తర్వాత జీఎఫ్‌సీఐ అనే రక్షణ సాకెట్. తడి వల్లనో, తీగ మీది తొడుగు చిట్లడం వల్లనో కరెంటు కొంచెం నేలలోకి జారినా అది కట్ చేస్తుంది. పాత ఇళ్లలో బయటి సాకెట్‌ని కాపాడే ఆ బటన్ గరాజ్‌లో ఉండొచ్చు, బాత్‌రూమ్‌లో కూడా ఉండొచ్చు. అక్కడి నుంచి బేస్‌మెంట్‌లో ప్యానెల్. బ్రేకర్ మీట అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబడి ఉంటే అది పడిపోయినట్టు. పూర్తిగా ఆపి, మళ్లీ వేయాలి. వెంటనే మళ్లీ పడిపోతే ఆగాలి. అది ఏదో చెబుతోంది, వినాలి.

ఇంకా పాత ఇళ్లలో బ్రేకర్ల బదులు గాజు ముఖంతో, స్క్రూలా తిప్పి బిగించే ఫ్యూజులుంటాయి. వాటి ముఖం చదవడం ఒక విద్య. లోపలి సన్నటి రేకు కరిగి తెగిపోయి, గాజు తేటగా ఉంటే తీగ మోయాల్సినదానికంటే ఎక్కువ బరువు పడిందని అర్థం. గాజు నల్లగా మసిబారితే ఎక్కడో షార్ట్ అయిందని అర్థం. మొదటిదానికి అదే సర్క్యూట్ మీదున్న ఇంకో హీటరో, ఇంకో బండో తీసేస్తే చాలు. రెండోదానికి మసి ఎక్కడ పుట్టిందో వెతక్కుండా కొత్త ఫ్యూజు వేయకూడదు.

ఇంట్లో అంతా సరిగా ఉంటే ఎక్స్‌టెన్షన్ తీగ దగ్గరికి రావాలి. సన్నటి తీగ పెద్ద హీటర్‌ని మోయలేదు, చలికి తొడుగు పెళుసెక్కి పగులుతుంది, ప్లగ్ చివర్లు మాడిపోతాయి. తీగ చివర చిన్న దీపమున్న రకం కొనుక్కుంటే కరెంటు అక్కడిదాకా వచ్చిందో లేదో చీకట్లో కూడా తెలుస్తుంది. అదీ సరిగానే ఉంటే, అప్పుడు ట్రక్కు. ఇంజన్ ఆగి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ప్లగ్ పెట్టి చెవి ఒగ్గితే చాలా హీటర్లు సన్నగా సుయ్‌మంటాయి. చప్పుడు లేకపోతే ప్లగ్ తీసేసి, మీటర్‌తో దాని రెండు చదును పిన్నుల మధ్య నిరోధం చూడాలి. 750 వాట్ల హీటర్ అయితే 19 ఓమ్‌ల దరిదాపుల్లో, 1000 వాట్లది అయితే 14 ఓమ్‌ల దరిదాపుల్లో చూపాలి. మీటర్ ఏమీ చూపకపోతే తీగ తెగిందో, హీటర్ మాడిందో. కొన్ని ట్రక్కుల తీగలోనే ఒక థర్మోస్టాట్ ఉంటుంది. దాదాపు మైనస్ 18 డిగ్రీలకి దిగితేగానీ అది కరెంటు వదలదు. అలాంటి బండిని వెచ్చటి గరాజ్‌లో పరీక్షిస్తే బాగున్న హీటర్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. కూలెంట్ తగ్గిపోయి హీటర్ గాలిలో తేలితే మాత్రం అది నిజంగానే కాలిపోతుంది.

ఈ వరుసలో హీటర్ చివరిది. దాన్ని మార్చాలంటే కూలెంట్ దించాలి, చాలా బండ్లలో ఇంజన్ పక్క ఇరుకులోకి చెయ్యి దూర్చాలి. అంత శ్రమ ముందు పడి, తర్వాత బాత్‌రూమ్‌లో బటన్ నొక్కాల్సిందని తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఫ్యూజు గురించి చాలామంది ఆలోచించని మాట ఒకటుంది. ఫ్యూజు కాపాడేది హీటర్‌ని కాదు, గోడలోని తీగని. హీటర్ కాలితే వస్తువు పోతుంది. తీగ కాలితే ఇల్లు పోతుంది. 19వ శతాబ్దంలో టెలిగ్రాఫ్ తీగల మీద పిడుగు పడితే యంత్రాలు పాడవకుండా దారిలో ఒకచోట సన్నటి తీగ పెట్టారు. 1890లో ఎడిసన్ తన విద్యుత్ పంపిణీ ఏర్పాటులో భాగంగా ఫ్యూజుకి పేటెంట్ తీసుకున్నాడు. అందరికంటే ముందు తెగిపోవడానికి సిద్ధంగా ఒకదాన్ని దారిలో నిలబెట్టడం మనుషులు చేసిన మంచి ఆలోచనల్లో ఒకటి. దాని బలహీనతే దాని ఉద్యోగం.

ఆ ఉద్యోగాన్ని చెడగొట్టడం కూడా మనుషులకి తెలుసు. మా ఊళ్లో పింగాణీ ఫ్యూజులో సన్నటి తీగ మాటిమాటికీ పోతుంటే విసుగొచ్చి లావుపాటి రాగి తీగ మెలిపెట్టేవాళ్లు. ఇక్కడ వెనకటి రోజుల్లో గాజు ఫ్యూజు వెనక రాగి పైసా దూర్చేవాళ్లు. లేదంటే 15 ఆంపియర్ల చోట 30ది బిగించేవాళ్లు. అందుకనే ఒక కొలత ఫ్యూజు ఇంకో కొలత గుంటలో పట్టని రకాలు తయారుచేయాల్సి వచ్చింది. రెండు దేశాల్లోనూ ఆ రాత్రికి పని జరిగింది, దీపం వెలిగింది, మంట గోడలోకి మారింది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే సమస్య ఫ్యూజుది కాదు. నోరున్న ఒకే ఒక్కదాని నోరు కుట్టేస్తే, నోరు లేనివాటి బాధ మనకి తెలిసేలోపు బూడిద మిగులుతుంది.

నేనిదంతా ఇనుము, తీగల కోసమే చెప్పడం లేదు. జనవరిలో చదువులు మొదలుపెట్టడానికి మన పిల్లలు ఇక్కడికి వస్తారు. వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, నిజామాబాద్ నుంచి నేరుగా మంచులో దిగుతారు. నడి చలికాలంలో ఇక్కడ తొమ్మిది దాటాకగానీ పొద్దు పొడవదు, సాయంత్రం ఐదుకి చీకటి. కొన్నాళ్లకి ఒక పిల్లవాడు క్లాసులకి పోవడం మానేస్తాడు, ఫోను ఎత్తడు, గదిలోంచి బయటికి రాడు. మన పెద్దవాళ్లు వెంటనే వాడిని విప్పి చూడడం మొదలుపెడతారు. పట్టుదల లేదంటారు, సోమరి అంటారు, ఇంట్లో గారాబం ఎక్కువైందంటారు. ఎరుపు, నీలం, పసుపు అన్నీ ఊడబీకి వెలుతురులో పెడతారు.

అప్పుడు నాకు మా బాపు మాట అందరికీ వినిపించాలనిపిస్తుంది. ముందు కరెంటు ఉందా చూడండి. ఆ పిల్లవాడికి ఈ చలికి ఆగే కోటు ఉందా? వేడి అన్నం తిని ఎన్నాళ్లయింది? అద్దె డబ్బు కోసం రాత్రి షిఫ్టులు చేసి నిద్ర పోతున్నాడా లేదా? తెలుగులో మనసు విప్పి మాట్లాడడానికి ఒక మనిషి ఉన్నాడా? ఇంటికి చేసే ఫోనులో "బాగున్నా" తప్ప ఇంకో మాట చెప్పగలుగుతున్నాడా? ఈ దారి అంతా నడిచి, ప్రతి స్తంభం దగ్గరా ఆగి చూశాక, అప్పటికీ లోపలే ఏదో ఉందనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ వరుస తలకిందులైతే, మూడు ఫేజుల్లో రెండే అందుతున్న మోటారుని గట్టిగా తిప్పినట్టవుతుంది.

బ్లాక్ హీటర్ బండిని నడపదు. ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అది ఇంజన్ మొదలయ్యేంత వేడిని మాత్రమే ఇస్తుంది. తెల్లవార్లూ పెట్టాల్సిన పని కూడా లేదు. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు. 750 వాట్ల హీటర్‌ని పది గంటలు వదిలేస్తే ఏడున్నర యూనిట్లు కాలుతుంది, మూడు గంటలకి రెండుంపావు యూనిట్లు. ఒకసారి మొదలయ్యాక ఇంజన్ తన వేడి తానే పుట్టించుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్లకీ ఆ వేడే పంచుతుంది. వందల గుర్రాల బలమున్న యంత్రం మొదటి కదలికకి ఇంకొకరి ఇంటి నుంచి వేడి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇచ్చే ఇంటికి కూడా జీవితాంతం మోయాల్సిన భారం కాదు, రెండుంపావు యూనిట్లు.

ఇల్లు కొనుక్కున్నా, అద్దెకి దిగినా, చలి ముదరకముందే ఒక పని చేయమని ఇక్కడికి వచ్చే ప్రతి తెలుగు కుటుంబానికీ చెబుతుంటాను. పగటిపూట బయటి సాకెట్‌లో ఒక లైటు పెట్టండి. ఒకరు బేస్‌మెంట్‌లో బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపండి, ఇంకొకరు బయట నిలబడి లైటు ఎప్పుడు ఆరిందో చెప్పండి. ఆరినప్పుడు ఆ బ్రేకర్ పక్కన ‘ట్రక్కు’ అని రాయండి. ప్యానెల్ తలుపు లోపల దానికోసమే కాగితం అతికించి ఉంటుంది, చాలా ఇళ్లలో అది ఖాళీగా ఉంటుంది. ఇంగ్లీషులో రాయండి, పక్కన తెలుగులోనూ రాయండి, ఇంట్లో పిల్లలకి చూపించండి. ఆ పక్కనే ఇంకో వరుసలో, మీ ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లల ఫోన్ నంబర్లు కూడా రాసుకోండి.